పంటి మీద చెంచా చప్పుడు

ఆ పాత ఎక్స్‌రే ఫిల్మును కవరులోంచి తీస్తే ఇప్పటికీ వెనిగర్ లాంటి పులుపు వాసన వస్తుంది. అది నా పద్నాలుగో ఏట తీసిన నా పంటి ఫిల్ము, ఇది ఖాయం. మా తాత రైలు చక్రాలను సుత్తితో తట్టి, చప్పుడును బట్టి బీటలు కనిపెట్టే ఉద్యోగి, ఇదీ ఖాయమే. ఒకసారి చప్పుడు విని మెయిలు బండినే ఆపేశాడన్నది మాత్రం రైల్వే క్వార్టర్సులో చెప్పుకున్న మాట; కాగితమేదీ నాకు దొరకలేదు.

ఖరగ్‌పూర్‌లో మాకు వానాకాలమంటే తడిసిన బొగ్గు వాసన, పొరుగింటి బెంగాలీ దీదీ ఆవపిండి పెట్టి వండి పంపే ఇలిశ చేప, వెంట్రుకల్లాంటి దాని ముళ్లను నాలుకతో ఏరడంలో మా అక్కచెల్లెళ్ల పందేలు. ఆ పందెంలో నెగ్గిన మర్నాడు నా కింది పంటి చిగురు వాచింది. గోల్‌బజార్‌లోని దంతవైద్యుడు ఫిల్ము తీసి, వేరు కొస దగ్గర నల్లచుక్కను చూపించి, చీము పట్టింది, రేపే పన్ను తీసేయాలన్నాడు. నాన్న తలూపాడు. అది పాలపన్ను కాదు, మళ్లీ రాదని దారిపొడవునా ఏడ్చాను.

కుండైనా పనసకాయైనా తట్టి చూడందే నమ్మని తాత, ఇంటికి రాగానే నన్ను కూర్చోబెట్టి, చెంచా కాడతో ఆ పంటిని, దాని పక్క పళ్లను ఒక్కొక్కటిగా తట్టాడు.

“నొప్పెడతందేటే?”

“నేదు తాతా. సిగురే నొప్పి.”

తాత నాన్న వైపు తిరిగాడు. “ఒరే, పన్ను ఖంగుమంటంది. రెండ్రోజులు ఉప్పునీళ్లు పుక్కిలించనీ.”

“రైలు సెక్రం, పన్ను ఒకటేనా నాన్నా? ఫొటోలో కనబడతంటే!”

“ఫొటో తీసినోడు తట్టి సూసినాడేటి?”

మర్నాడు నాన్న నన్ను గోల్‌బజార్‌కు తీసుకెళ్లలేదు. మూడోనాడు పొద్దున ఉప్పునీళ్లతో పాటు చేపముల్లు బయటపడింది.

ఇప్పుడు అదే ఊళ్లో, మలంచాలోని నా దంతవైద్య క్లినిక్‌లో ఆ ఫిల్మును వెలుగుకు పెట్టి చూస్తే, ఆ చుక్క జబ్బు కాదు. దవడ ఎముకలోంచి నరం బయటికొచ్చే సహజమైన రంధ్రం. వేరు చుట్టూ ఉండే సన్నని తెల్లగీత ఎక్కడా తెగలేదు. అయినా అనుమానం తీరక, కోణం మార్చి మరో ఫిల్ము తీయించుకున్నాను. నీడ వేరును వదిలి పక్కకు జరిగింది; జబ్బైతే వేరునే అంటుకుని ఉండేది. పన్ను ఇంకా నా నోట్లోనే ఉంది గనుక ఆ పరీక్ష సాధ్యమైంది.

ఆ బొగ్గు వాసన లేదు, దీదీ లేదు, యార్డు నుంచి మా వరండా దాకా వినిపించే సుత్తి చప్పుడూ లేదు. పంటిని తట్టడం మా పరీక్షల్లోనూ ఉంది. కానీ మేం కనిపెట్టేది ముఖ్యంగా రోగి నొప్పిని. నొప్పి లేనంత మాత్రాన పన్ను బాగున్నట్టు రుజువూ కాదు. తాత చప్పుడు విన్నానన్నాడు. నాకు గుర్తున్నది ఇంకొకటి: తట్టినంతసేపూ ఆయన చూపు నా కళ్లమీదే ఉంది. ఆయన పరీక్షించింది పంటినా, నన్నా? తేల్చలేకపోతున్నాను. పన్నుంది, చెంచా ఉంది. తట్టిన చెయ్యి లేదు.