నా కిల్ట్, మీసాలాయన పంచె

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతి కూడా ఒకటి ఉంటుందని ఎవరైనా అంటే, పాపం వీడికి నా సంగతి తెలియదు అనుకునేవాణ్ణి. వయసు అలాంటిది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి కువైట్ వచ్చి, ఫింటాస్‌లో ఒక ఇస్త్రీ అంగట్లో కుదురుకుని, అరబ్బుల తెల్లటి పొడుగు దిష్‌దాషాలకు ముడత అనేది లేకుండా ఇస్త్రీ చేయడం నేర్చాక నా తల కాస్త బరువెక్కిన మాట నిజం. అంగడి నడిపే భాయ్‌దీ రాయచోటే. నోరు తెరిస్తే తిట్లే తప్ప మెచ్చుకోలు ఎరగని మనిషి. అలాంటివాడు ఒకసారి నేను చేసిన చొక్కాను వెలుతురుకు పట్టి చూసి, "పర్వాల్యా, చేతిలో పని ఉండాది నీకు," అన్నాడు. ఆ ఒక్క మాటతో నేను చాలాకాలం బతికాను. (తిట్లన్నీ ఎటు పోయాయో గుర్తు లేదు. మనసుకు ఏది దాచుకోవాలో బాగా తెలుసు.)

అలాంటి నా చేతికి కిల్టులు వచ్చాయి. షుఐబా ఫ్యాక్టరీల్లో పెద్ద ఉద్యోగాలు చేసే స్కాట్లండ్ వాళ్ళు కొందరు, వాళ్ళను చూసి ముచ్చటపడి చేరిన ఇతర దేశాల వాళ్ళు కొందరు, సెలవు రోజున కిల్టులు కట్టుకుని ఒకచోట కలిసేవాళ్ళు. కిల్ట్ అంటే గళ్ళ ఉన్నిబట్ట. నడుముకు చుట్టి పటకాలు బిగిస్తే మోకాళ్ళ దాకా వస్తుంది. ఒక వైపంతా చదును, ఇంకో వైపంతా కుచ్చిళ్ళు. మొదటిది మా అంగడికి వచ్చిన రోజు భాయ్ దాన్ని ఎత్తి చూసి, "ఎవురో ఇస్కూలు పిల్లది పావడా మర్చిపోయినట్టుండారు, పక్కన పెట్టురా," అన్నాడు. సాయంత్రం దానికోసం వచ్చిన ఇస్కూలు పిల్ల ఆరడుగుల మనిషి. తెల్లటి గుబురు మీసం. అప్పటినుంచి ఆయన మాకు మీసాలాయన అయ్యాడు. నవ్వడు, తొందరపడడు. ఒక్కో కుచ్చిలి మీదా వేలు పెట్టి పైనుంచి కిందికి జరుపుతూ చూశాడు. ఎక్కడా వంకర దొరక్కపోయేసరికి నా వైపు చూసి తల ఊపాడు. ఆ తర్వాత వాళ్ళ గుంపు కిల్టులన్నీ మా అంగడికే రావడం మొదలైంది. నేను కిల్టుల మీద అధికారినైపోయాను.

ఇందులో చిన్న లోటు ఒకటుంది. కిల్ట్ కట్టుకున్న మనిషిని నేను ఒక్కసారి కూడా చూడలేదు. అంగడికి అందరూ ప్యాంట్లలోనే వచ్చేవాళ్ళు. ఫోనులో వెతికితే నిమిషంలో కనబడేది గానీ, వెతకాలంటే ముందు అనుమానం రావాలి కదా. పంచె కట్టే ఇంట్లో పుట్టినవాడికి కుచ్చిళ్ళ సంగతి ఇంకొకరు చెప్పాలా? కుచ్చిళ్ళుండేది ముందు. వెనక్కి పోయేది గోచి ఒక్కటే. నా ఇస్త్రీ అంతా వాళ్ళ బొడ్డు కింద బారులు తీరి నిలబడి ఉంటుందని ఊహించుకుని నాలో నేనే మురిసిపోయేవాణ్ణి.

ఆ ఏడు డిసెంబరులో, వాళ్ళ గుంపులో డోలు వాయించే మలయాళీ ఆయన ఒక టోపీ పట్టుకుని అంగడికి వచ్చాడు. క్రిస్మస్‌కు వాళ్ళలో ఒక ఆచారం ఉంది. టోపీలో అందరి పేర్లూ వేసి తలా ఒకటి తీస్తారు. ఎవరి పేరు వస్తే వాళ్ళకు కానుక ఇవ్వాలి. అది ఒంటి మీద ధరించేదై ఉండాలి, పుచ్చుకున్నవాడు అక్కడికక్కడే ధరించి అందరి ముందూ ఒకసారి నడవాలి. "ఈసారి నీ పేరు కూడా వేశాం. మా కిల్టులు నిలబడేది నీ చేతిలోనే కదా, నువ్వూ రావాలి," అన్నాడు హిందీలో. చెయ్యి పెట్టి తీశాను. మీసాలాయన పేరు వచ్చింది. వాళ్ళకది సరదా. నాకు మాత్రం, బట్టల మూట తీసుకుని పక్క గుమ్మంలో నిలబడేవాడిగా కాకుండా, ఇచ్చేవాడిగా ఒక ఇంట్లోకి వెళ్ళడం కువైట్‌లో అదే మొదలు. అక్కడ నవ్వులపాలైతే మళ్ళీ ఆ ముఖాలకే ఇస్త్రీ బట్టలు అందించాలి.

నా దగ్గర ఇవ్వదగ్గ వస్తువు ఒక్కటే ఉంది. మా అక్క ఒక కువైటీ ఇంట్లో పని చేసేది. కిందటిసారి ఊరికి పోయినప్పుడు నాకోసం జరీ అంచు పంచె ఒకటి తెచ్చింది. దాన్ని అడగకుండా ఇచ్చేయడానికి ధైర్యం చాలక శుక్రవారం కలిసినప్పుడు సంగతి చెప్పాను.

"ఏందిరా, నీ పెండ్లికని తెచ్చిన పంచె తీస్కపోయి దొరకి ఇస్తావా?"

"మంచిది ఇంకేం ల్యాదక్కా నా దగ్గిర."

"దొరకి పంచె కట్టను వస్తాదా?"

"నేను చూపిస్తాలే."

అక్క నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత, "ఇచ్చేదేదో తల ఎత్తుకోని ఇయ్యి. వంగి వంగి ఇయ్యాకు. మన పంచెకేం తక్కవ," అంది. ఆ మాటతో నేను పెళ్ళికొడుకులాగే బయలుదేరాను.

మలయాళీ ఆయన ఫ్లాట్ మా అంగడికి దగ్గరే. తలుపు తీసి లోపలికి రమ్మన్నారు. గదిలో అందరూ కిల్టుల్లో ఉన్నారు. మొట్టమొదటిసారి నా చేతిపని మనుషుల ఒంటి మీద చూశాను. ఒక్కడంటే ఒక్కడు సరిగ్గా కట్టుకోలేదు. అందరికీ ముందు చదును, కుచ్చిళ్ళేమో వెనక. ఇంతమంది చదువుకున్నవాళ్ళకు ఒక్కరికైనా చెప్పే దిక్కు లేకపోయిందే అని జాలిపడ్డాను. (నేను తప్పేమోనన్న ఆలోచన ఆ గది దరిదాపులకు కూడా రాలేదు. గది నిండా ఉన్నవాళ్ళంతా తప్పు, నేనొక్కణ్ణే ఒప్పు అనుకోవడానికి ఎంత ఆరోగ్యం కావాలో ఇప్పుడు తెలుస్తోంది.)

కానుకలు మొదలయ్యాయి. ఒకరికి మేజోళ్ళు, ఒకరికి నడుముకు వేలాడే తోలు సంచి. నా వంతు వచ్చేసరికి, పొట్ట పెరిగిన ఇంజనీరు ఒకాయన లేచి నాకు పొట్లం ఇచ్చాడు. విప్పితే కిల్ట్. తన నడుముకు పట్టకుండా పోయినదాన్ని, భాయ్ దగ్గర నా కొలత రహస్యంగా తీసుకుని నాకు సరిపోయేలా కుట్టించాడట. నా కళ్ళు చెమర్చాయి. ఆ ఉన్ని, ఆ గళ్ళు, అన్నీ నా చేతికి తెలిసినవే. ఇన్నాళ్ళూ ఇంకొకరి కోసం చక్కబెట్టిన కుచ్చిళ్ళు ఇప్పుడు నావి. లోపలి గదిలోకి వెళ్ళి, కుచ్చిళ్ళన్నీ ముందుకు తెచ్చి, పటకాలు అటూ ఇటూ అయినా లెక్కచేయకుండా బిగించి, అసలు ఎలా కట్టాలో వీళ్ళకు చూపించే అదృష్టం నాకు దక్కిందని రొమ్ము విరుచుకుని బయటకు నడిచాను.

అందరి కళ్ళూ నా కుచ్చిళ్ళ మీద పడ్డాయి. తర్వాత ఇంజనీరు పొట్ట కదలడం మొదలైంది. ఎవరో నోటికి చేయి అడ్డం పెట్టుకున్నారు. మలయాళీ ఆయన నా చెవి దగ్గరకు వచ్చి, "తమ్ముడూ, తిప్పి కట్టుకో, కుచ్చిళ్ళు వెనక్కి," అన్నాడు. "మా దగ్గర ముందే ఉంటాయి," అన్నాను గట్టిగానే. దాంతో నవ్వు బయటపడింది. అది చెడ్డ నవ్వు కాదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం చెవులు కాలిపోయాయి. తిప్పి కట్టుకుంటే ఓడిపోయినట్టు, కట్టుకోకపోతే మొండివాడినైనట్టు. గది మధ్యలో అలాగే నిలబడిపోయాను.

అప్పుడు మీసాలాయన లేచాడు. "నా కానుక ఏది?" అన్నాడు. పంచె ఇచ్చాను. అక్క చెప్పినట్టు తల ఎత్తుకునే ఇచ్చానని చెప్పాలని ఉంది గానీ, ఇచ్చేటప్పుడు నా చూపు నేల మీదే ఉంది. కట్టడం చూపిస్తానన్నాను. అక్కర్లేదని చేయి ఊపి లోపలికి వెళ్ళి, కట్టుకుని తిరిగి వచ్చాడు. జరీ అంచు పంచె చక్కగానే చుట్టుకున్నాడు గానీ, ముందంతా చదునుగా ఉంచి, కుచ్చిళ్ళన్నీ వెనక దోపాడు. గది ఘొల్లుమంది. ఈసారి నవ్వంతా ఆయన మీద. ఆయన మాత్రం మీసం కదలకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాడు.

"సార్, కుచ్చిళ్ళు ముందుకు రావాలి," అన్నాను ఆగలేక.

"మా ఊళ్ళో వెనకే ఉంటాయి," అన్నాడు. "నీది నీ ఊరి పద్ధతి, నాది నా ఊరి పద్ధతి. రా, ఫోటో దిగుదాం."

నా భుజం మీద చేయి వేసి గది మధ్యలో నిలబడ్డాడు. మిగతావాళ్ళు మా అటూ ఇటూ చేరారు. ఎవరూ నన్ను తిప్పి కట్టుకోమనలేదు. ఆ ఫోటో చూసి అక్క, "పంచె ఆయనకి బాగుండాది గానీ, పాపం దొరకి కట్టను రాల్యా," అని తను పనిచేసే ఇంటి మామాకు, అంటే యజమానురాలికి, కూడా చూపించిందట. నేనూ అంతే. ఫింటాస్ నుంచి సులైబియా దాకా ఎవరి గదికి వెళ్ళినా, పంచె కట్టడం రాని దొర కథ చెప్పి నవ్వించేవాణ్ణి. కథలో నా కిల్ట్ ముచ్చట క్లుప్తంగా ఉండేది.

తర్వాత కొన్నేళ్ళకు ఆయన ఉద్యోగం ముగిసి సొంత దేశం వెళ్ళిపోతూ అంగడికి వచ్చాడు. ఉతికి ఇస్త్రీ చేయమని ఇచ్చిన పంచె తీసుకోవడానికి. అప్పటికి భాయ్ ఊరికి వెళ్ళిపోయి అంగడి నేనే చూసుకుంటున్నాను. "సార్, పోయే ముందైనా నేర్చుకోండి, నేను చూపిస్తాను," అన్నాను, కాస్త పెద్దరికంగా. ఆయన పంచె నా చేతిలోంచి తీసుకుని, ప్యాంటు మీదే చుట్టి, చకచకా కుచ్చిళ్ళు పోసి, జరీ అంచు సరిచూసి, ముందు దోపుకున్నాడు. మా ఊరి పెద్దలు కట్టినంత నేర్పుగా.

"కుర్రతనంలో మద్రాసులో పనిచేశాను. స్నేహితుల పెళ్ళిళ్ళకు ఇవే కట్టేవాణ్ణి," అన్నాడు.

"మరి ఆ రోజు, సార్?"

ఆయన పంచె విప్పి జాగ్రత్తగా మడత పెట్టుకున్నాడు. "ఆ రోజు ఆ గదిలో తప్పు కట్టుకున్నవాడు ఒక్కడే ఉండటం నాకు నచ్చలేదు," అని, నా చేయి పట్టి ఊపి వెళ్ళిపోయాడు.

ఆ ఫోటో ఇప్పుడు నా అంగడి గోడ మీద ఉంది. బట్టలకు వచ్చినవాళ్ళు చూసి, మధ్యలో నిలబడ్డ ఇద్దర్లో తప్పు కట్టుకున్నది ఎవరని అడుగుతుంటారు. రొమ్ము విరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాణ్ణి చూస్తే నాకు నవ్వు వస్తుంది, వాడి పక్కనున్న మీసం చూస్తే నవ్వు ఆగిపోతుంది. ఒక్కడే, వాడు నేనే అని చెబుతాను. అది చెప్పుకోవడానికి నాకు గర్వంగానే ఉంటుంది.