జంగయ్య సారు ఫైబర్ కారు

మొన్న కోదాడలో బస్సు దిగి మా చెల్లె ఇంటికి నడుస్తుంటే ఒక షెడ్డు ముందు కాళ్లు ఆగిపోయాయి. లోపల ఎవరో పగిలిన నీళ్ల ట్యాంకుకు ఫైబర్ అతుకు వేస్తున్నారు. ఆ జిగురు వాసన ఎరిగిన వాళ్లకే తెలుసు. తియ్యగా మొదలై నసాళానికి ఎక్కుతుంది. దారిన పోయేవాళ్లంతా ముక్కుకు కొంగులు అడ్డం పెట్టుకుంటుంటే నేను మాత్రం పిచ్చిదానిలా నిలబడి గుండెల నిండా పీల్చుకున్నాను. పని చేస్తున్న అతను తలెత్తి, "ఏం కావాలమ్మా?" అన్నాడు. ఏం చెప్పను? నాకు కావలసింది జంగయ్య సారు. ఆయన పోయి చాలా రోజులైంది.

సారు మిర్యాలగూడలో మా పక్కింటాయన. హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. ఆయన ఈడు సార్లంతా ప్లాట్ల ధరలు, షుగరు మాత్రలు మాట్లాడుకుంటూ పొద్దుపుచ్చుతుంటే, ఈయన ఒక పాత జీపు కొని, పై రేకంతా పీకేసి, మట్టితో అచ్చు చేసి, కోదాడ నుంచి ఫైబర్ పనివాళ్లను పిలిపించుకుని సొంతంగా ఒక కారు తయారు చేసుకున్నాడు. ఎర్రటిది, పొట్టిది, ఇద్దరికే చోటు. పిల్లలు దాన్ని బొమ్మకారు అనేవాళ్లు. "సారుకు పనిలేక పిచ్చి లేసింది" అనేది మా అత్తమ్మ. నేను వేములపల్లి బడిలో లెక్కల టీచర్ని, పైకి అనలేదు గాని నా లెక్కా అదే.

ఆ కారు విలువ శకుంతలమ్మగారికి జబ్బు చేశాక తెలిసింది. ఆమె సారు భార్య. మనిషిని మతిమరుపు కొంచెం కొంచెంగా తినేసింది. మొదట పొయ్యి మీద పాలు మరిచింది, తర్వాత ఇంటిదారి, ఆ తర్వాత తోడబుట్టినవాళ్ల పేర్లు. సాయంత్రమైతే చాలు, "మా ఇంటికి పోతాను" అని గేటు పట్టుకుని ఏడ్చేది. ఉన్నది సొంతింట్లోనే. సారు ఆమెను ఎర్రకారులో కూర్చోబెట్టుకుని సాగర్ కాలువ గట్టు వెంబడి తిప్పుకొస్తే నెమ్మదించి, ఇంత అన్నం తిని పడుకునేది. ఆటోలో తిప్పి చూశాడు, మా కారూ అడిగి తీసుకుపోయాడు. ఊహూఁ, ఇంకా ఏడ్చింది. ఎర్రకారు తయారయ్యేటప్పుడు ఆయన పక్కన కూర్చుని ఆ ఫైబరునంతా గరుకు కాగితంతో రుద్దింది ఆమే. బుర్ర మరిచినా చేతులకు గుర్తుందేమో, ఎక్కగానే తలుపు లోపలి అంచును నిమురుతూ కూర్చునేది.

ఒక రోజు సారు ప్రహరీ మీదుగా పిలిచాడు. "బిడ్డా, నాకు మోకాళ్లు వంగుతలేవు. కారు కిందికి దూరుడు నీకు నేర్పుత, వస్తవా?"

"నాకెందుకు సార్? ఊరు నిండ మెకానిక్కులే గద."

"వాళ్లు మామూలు కారు లెక్క అంచు కింద జాకీ పెడ్తరు. కింద రేకుంటదనుకుంటరు. ఫైబర్ పటుక్కుమంటది. ఒకపాలి అయింది గద, సూస్తివి." ఆ మాట అని ఒకసారి ఇంటి లోపలికి చూశాడు. "అదొక్కటే కాదు. నేను పోయినంక ఆమెను ఎవరు తిప్పుతరు?"

నాకు కోపం వచ్చింది. కోపమో, ఏడుపో. "గిట్ల మాట్లాడితే నేను రాను పో సార్" అనేసి లోపలికి వచ్చేశాను. ఆదివారం పొద్దున్నే పాత చుడీదారు వేసుకుని వాళ్లింటికి పోయాను.

మా వీధి ఇళ్ల ముందంతా రైసుమిల్లు బూడిద పోసి చదును చేసిన నేల. పైకి సిమెంటులా కనిపిస్తుంది, బరువు పడితే మెల్లగా దిగబడుతుంది. కారు కొత్తలో సారు ఆ నేల మీదే జాకీ పెట్టి కిందికి దూరాడట. జాకీ ఒరిగింది, కారు ఛాతీ మీదికి దిగింది. నోరు పెగల్లేదు. శకుంతలమ్మగారు అన్నానికి పిలుద్దామని వచ్చేదాకా అట్లాగే ఉన్నాడు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఒక కట్టుబాటు పుట్టింది. ఒకరు కారు కింద ఉంటే ఒకరు పైన స్టూలు వేసుకుని కూర్చోవాలి, మాట్లాడుతూనే ఉండాలి. కిందివాళ్లు పలుకుతూనే ఉండాలి.

సారు పాఠం డ్రాయింగు క్లాసులాగే నిదానం. ముందు గేరు, హ్యాండ్ బ్రేకు. లేపని వైపు చక్రాలకు ముందూ వెనకా చెక్కలు. జాకీ కింద మందపాటి టేకు పలక. జాకీ తల ఆనేది జీపు ఇనుప చట్రానికే, ఫైబరుకు తగలనే కూడదు. లేపాక రెండు వైపులా పలకల మీదే ఇనుప స్టాండ్లు, జాకీ దించి బరువంతా వాటి మీదికి వదలాలి. నేను తెలివి మీరి, "ఇటుకలు పెడితే కాదా?" అన్నాను. "ఇటుక చెప్పకుంట పోతది బిడ్డా" అన్నాడు. ఆఖరున స్టెప్నీని కూడా చట్రం కిందికి తోయించి, "ఇప్పుడు బండిని నూకు. గట్టిగ. నీ పెనిమిటి మీద కోపమంత దీని మీద తియ్యి" అన్నాడు. నూకాను. కదల్లేదు. అప్పుడు గాని నన్ను కిందికి పోనివ్వలేదు. వెల్లకిలా పడుకుని చూస్తే ముక్కుకు జానెడు దూరంలో ఆ ఇనుమంతా.

"ఉన్నావా అమ్మాయ్?" పైనుంచి శకుంతలమ్మగారి గొంతు. ఆమెది కోదాడ అవతలి ఊరు, మాటలో ఆ సాగదీత పోలేదు. అన్నీ మరిచిన మనిషి ఈ ఒక్క కొలువు మరవలేదు.

"ఉన్నానండీ."

"ఏం కూర చేశావ్?"

సొరకాయ అన్నాను. కాసేపటికి మళ్లీ అదే అడిగింది. ఈసారి వంకాయ అన్నాను. సారు పక్కన పడీపడీ నవ్వాడు. ఎన్నో ఆదివారాలు అట్లా గడిచాయి. అవి మళ్లీ వస్తాయంటే నా చేతి గాజులు తీసిచ్చేస్తాను.

సారు ఒక మధ్యాహ్నం కునుకు తీస్తూ పోయాడు. దినాలయ్యాక శకుంతలమ్మగారి చెల్లెలు వచ్చి తోడుండిపోయింది. సాయంత్రాలు కారు నేను నడిపాను. శకుంతలమ్మగారు సారు గురించి అడగలేదు, నేనూ ఆ ఊసెత్తలేదు. మరిచిపోయిందిలే, మంచిదే అనుకున్నాను.

ఒకనాడు సైలెన్సరు బోల్టు వదులై టకటక కొట్టుకోసాగింది. ఆ చప్పుడుకు బెదిరి కారెక్కనంది, గేటు పట్టుకుని ఒకటే ఏడుపు. పలక, చెక్కలు, స్టాండ్లు, స్టెప్నీ అన్నీ వరుసగా పెట్టాను. నూకి చూసి దూరాను. చెల్లెలు ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టింది. ఏడుపు ఆగింది.

"ఏమండీ, ఉన్నారా?"

నా చేతిలో పానా ఆగిపోయింది. ఆయన లేడని చెబితే ఆమెకు ఆ చావు ఇప్పుడే కొత్తగా జరుగుతుంది. ఉన్నానంటే అబద్ధం. పలక్కపోతే భయపడుతుంది. ఎటూ తేల్చుకోలేక, "ఉన్న" అన్నాను, సారు అన్నట్టే.

బోల్టు బిగించి, కళ్లు తుడుచుకుని బయటికి వచ్చాను. ఆమె నన్నే చూస్తోంది. చూపు తేటగా ఉంది.

"ఆయన పోయారని నాకు తెలుసమ్మా" అంది. "ఒక్కోసారి తెలుస్తుంది. అయినా అడగాలనిపిస్తుంది."

ఆ సాయంత్రం కాలువ గట్టున చాలా దూరం పోయాం. ఆమె తలుపు అంచును నిమురుతూనే ఉంది.

ఇప్పుడు ఆమె కూడా లేదు. కారు మా ఇంటికి చేరింది. ఎవరైనా నిచ్చెనెక్కినా, కరెంటు స్తంభం ఎక్కినా నేను కింద నిలబడి ఏదో ఒకటి వాగుతూనే ఉంటాను, మా బడిలో పిల్లలకు అదొక నవ్వులాట. "అమ్మెయ్యరాదే ఆ బొమ్మకారు" అని మా ఆయన గొణుగుతాడు. కానీ నేను కిందికి దూరితే స్టూలు మీద కదలకుండా కూర్చుంటాడు. గ్రీజు పెడుతుంటే ఒక్కోసారి ఏడుపొస్తుంది, ఆపుకోను. సారు నాకు ఆ పనంతా నేర్పింది ఒక మనిషిని తిప్పడానికి. ఆ మనిషి లేకుండా పోతే సాయంత్రాలు ఏం చెయ్యాలో మాత్రం నేర్పలేదు.