తాడు వదిలిన థిర్జా

థిర్జా లెడ్లీ పగబట్టి తాడు వదిలేసిందనీ, ఆంబ్రోస్ థీకర్ ప్రాణం పోయింది అందువల్లేననీ మా హావెల్‌బీలో ముప్పయ్యెనిమిదేళ్ళుగా చెప్పుకుంటున్నారు. ఈ మధ్య దానికి తోక కూడా చేర్చారు. అంత పని చేసిన మనిషికి చాపెల్ వెనకాల ముసలివాళ్ళకి ఉచితంగా ఇచ్చే ధర్మపు ఇళ్ళ వరసలో నాలుగో నంబరు ఎలా ఇచ్చారంటే, డైనా అన్‌థాంక్ కమిటీ ముందు కూర్చుని ఏడ్చి ఇప్పించిందట. ఆ డైనాని నేనే. నేను ఏడవలేదు. ఏడుద్దామనుకున్నా నాకు వంతు రాలేదు. ఇక మొదటి మాట సంగతి. దాన్ని వీధి వీధికీ మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను గనక, దించాల్సింది కూడా నేనే.

ట్రాక్టరు రాకముందు, సముద్రంలో చిక్కుకున్నవాళ్ళని తేవడానికి వెళ్ళే మా రక్షక పడవని నీళ్ళదాకా లాగింది ఆడవాళ్ళే. మగవాళ్ళలో సగంమంది పడవెక్కాలి, మిగతా సగం చేపలకి పోయి ఉంటారు, ఇంకెవరున్నారు? పెద్ద చక్రాల బండి మీద పడవ, బండికి రెండు తాళ్ళు, తాడుకి పదకొండుమంది. ఎవరి చోటు వాళ్ళది. తల్లి చోటు కూతురికీ, అత్త చోటు కోడలికీ వచ్చేది. మంచు కురిసే రోజైనా నడుముల్లోతు దిగాల్సిందే. తడిసిన పావడా కాళ్ళకి చుట్టుకుంటే బోర్లా పడతామని ముందే ఎత్తి దోపుకునేవాళ్ళం. ఆ సమయంలో సిగ్గు గురించి మాట్లాడినవాళ్ళు లేరు, ఒక్క పాస్టరు గారు తప్ప. ఆయన కూడా అటు తిరిగి నిలబడేవారు.

ఆ తాడుకి ఒక కట్టుబాటు ఉంది. ఆపదలో చిక్కిన పడవలో తన మనిషి ఉన్న ఆడది తాడు పట్టకూడదు. మా అమ్మమ్మ రోజుల్లో ఒకామె మొగుడి పడవ కనబడగానే కలిసి లాగమనే కేక కోసం ఆగకుండా నీళ్ళలోకి లాక్కుపోయిందట. వెనకవాళ్ళు తూలి, బండి ఒరిగి ఇద్దరి కాళ్ళు నలిగిపోయాయి. అప్పట్నుంచీ ఇదే పద్ధతి. ఫలానా పడవ అని పేరు వినబడగానే ఆ ఇంటి ఆడవాళ్ళు తాడు కింద పెట్టి, నోరు విప్పకుండా వెళ్ళి పడవశాల గోడని ఆనుకుని నిలబడాలి. ఎవరూ పొమ్మనక్కర్లేదు. వాళ్ళకి వాళ్ళే వెళ్తారు.

థిర్జాకి అప్పుడు ఇరవైమూడు. ఎడమ తాడు మీద మూడో చోటు. నాకు పంతొమ్మిది, ఆమె వెనకే నాలుగో చోటు. మగాడు ఎత్తలేని గంపని చంకలో పెట్టుకుని కొండ ఎక్కే మనిషి ఆమె. నిజం చెప్పాలంటే ఆమె వెనక ఉండటం నాకు హాయి, నా వంతులో సగం కూడా ఆమే లాగేసేది.

పంతొమ్మిది వందల ముప్పైమూడు, మార్చి నెల. పొద్దున్నే తూర్పుగాలి లేచింది. చేపలకి వెళ్ళిన మూడు పడవల్లో రెండు ఎలాగో ఒడ్డు పట్టాయి. మూడోది మలుపు రాయి దగ్గర అడ్డం తిరిగింది. మేం తాళ్ళు పట్టుకుని పది అడుగులు వేశాం, నీళ్ళు చీలమండలకి తగిలాయి. అప్పుడు కొండ మీంచి కావలి మనిషి అరిచాడు, నీలం చార ఉంది, థీకర్ల పడవ అని. అందులో ఆంబ్రోస్ థీకరూ, అతని పినతండ్రి కొడుకులిద్దరూ ఉన్నారు.

నా కళ్ళ ముందే థిర్జా చేతులు విడిపోయాయి. తాడు ఒక్కసారి వెనక్కి గుంజింది. నేను మోకాళ్ళ మీద పడ్డాను, నా మీద ఇంకొకామె పడింది. లేచి, వరస కుదుర్చుకుని, మళ్ళీ కేక అందుకునేసరికి మూడు నిమిషాలు పట్టి ఉంటుంది. థిర్జా వెనక్కి తిరిగి చూడకుండా ఇసుక మీద నడిచిపోయి గోడ దగ్గర నిలబడింది.

ఆంబ్రోస్ తల్లి కెజియా కుడి తాడు మీద ఉంది. కట్టుబాటు ప్రకారం వెళ్ళాల్సింది ఆమె. వెళ్ళలేదు. తాళ్ళ మధ్యనుంచి దూరి వచ్చి థిర్జా వదిలిన చోట నిలబడి తాడు పట్టుకుంది. తల్లిని పొమ్మని ఎవరంటారు? మాకు కేక ఇచ్చే పెద్దావిడ ఆమె వంక చూసి, చూడనట్టు మొహం తిప్పుకుంది.

పడవ వెళ్ళింది. పినతండ్రి కొడుకులిద్దరూ బతికారు. ఆంబ్రోస్ తొమ్మిదో రోజున పక్క రేవులో శవమై తేలాడు.

ఆ మధ్యాహ్నమే ఇసుక మీద అందరూ ఉండగా కెజియా అంది, "లెడ్లీ పిల్ల చేతులు చూశారుగా." అంతకుమించి ఒక్క మాట అనలేదు. మిగతాది మేమే అల్లుకున్నాం. ఎరకి ఆల్చిప్పలు ఏరుకునే బండల దగ్గర థీకర్లకీ లెడ్లీలకీ మా తాతల నాటి తగువు. కర్రలతో కొట్టుకున్నారు, ఒకళ్ళ పెళ్ళికి ఒకళ్ళు వెళ్ళరు, చాపెల్లో కూడా చెరో పక్క కూర్చుంటారు. గోడ దగ్గర నిలబడటం అంటే ఏమిటో మాకు తెలియక కాదు. లెడ్లీ పిల్లకి థీకర్ల పడవలో సొంతమనిషి ఎవరుంటారన్న ఊహ ఒక్క బుర్రకీ తట్టలేదు. మునిగిపోతుంటే చూడ్డానికి నిలబడిందనుకున్నాం.

మర్నాడే ఆమె చోటు ఇంకొకరికి ఇచ్చేశారు. ఆమె అడగలేదు. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి మంచాన పడితే పదకొండేళ్ళు చూసుకుంది. వేరేవాళ్ళ గాలాలకి ఎర గుచ్చిపెట్టి బతికింది. చలికాలంలో ఆ వేళ్ళు పగిలి నెత్తురు కారుతుంటే గుడ్డపీలిక చుట్టుకుని మళ్ళీ గుచ్చేది. అయినా రక్షక పడవ దిగిన ప్రతిసారీ వచ్చేది. వచ్చి అదే గోడ దగ్గర నిలబడేది. ట్రాక్టరు వచ్చేదాకా పదిహేడేళ్ళు.

ఒకసారి నేనే అన్నాను, "ఏమే థిర్జా, తమాషాకి టికెట్టు కొన్నావా?"

"ముందు వరసలో దొరికిందిలే," అంది. "నువ్వు లాగు, నీ కాళ్ళు ఇప్పటికీ వంకరే."

అందరూ నవ్వారు. ఆమెకి సిగ్గులేదని నేను ఇంటికొచ్చి మా ఆయనతో చెప్పాను.

మా ఊరు కూర్చున్నది బంకమట్టి కొండ మీద. వానకి నానుతుంది, కింద అలలు తొలుస్తాయి, ఏదో ఒక పొద్దున ముక్క జారిపోతుంది. మా అమ్మా నాన్నా పెళ్ళాడిన చర్చి ఇప్పుడు నీళ్ళలో ఉంది. ముందు వీధి పోయింది, చేపల వీధి పోయింది. ఇప్పుడు మధ్య వీధినే ముందు వీధి అంటున్నాం. ఈ ఫిబ్రవరిలో థిర్జా ఇంటి వెనక బట్టలుతికే కొట్టు, రాగి కాగుతో సహా, కిందికి పోయింది. ఈస్టరు లోపల ఇల్లు ఖాళీ చెయ్యమని కౌన్సిలు వాళ్ళు కాగితం పంపారు.

హల్ పట్నంలో ఆమె మేనకోడలు ఉంది. మేడ మీద గది ఇస్తాను రమ్మంది. థిర్జా వెళ్ళనంది. ధర్మపు ఇళ్ళలో నాలుగో నంబరు ఖాళీ అయింది కదా, అదే కావాలని దరఖాస్తు పెట్టింది. ఆమె జీవితంలో ఊరిని నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పక్కన మూడో నంబర్లో ఎవరుంటారనుకున్నారు? కెజియా. తొంభై ఏళ్ళు, కర్ర సాయంతో నడుస్తుంది. ఊళ్ళో అందరికీ కెజియా అత్త.

ఆ ఇళ్ళ గుమ్మం మీద కట్టించినాయన చెక్కించిన రాయి ఉంది. పడవలోగానీ తాడు మీదగానీ ఊరికి సేవ చేసి, మధ్యలో విడిచిపోనివారికి ఈ ఇళ్ళు అని. కమిటీలో ఐదుగురు. మొదటి సమావేశంలో ముగ్గురు తల అడ్డంగా ఊపారు. అధ్యక్షుడు హాక్స్‌బీ గారిని ఆయన కొట్లో పట్టుకుని అడిగాను.

"రాయి మీద ఉందమ్మా డైనా," అన్నాడు పిండి తూస్తూ. "నేను రాసింది కాదు."

"మరి మీ మావగారికి ఇల్లు ఇచ్చినప్పుడు ఆ రాయి నిద్రపోతోందా? ఆయన పడవెక్కితే వాంతులు చేసుకునేవాడు."

"వాంతులు చేసుకున్నా దిగిపోలేదుగా," అన్నాడు. గురువారం మళ్ళీ కూర్చుంటాం, అదే ఆఖరు అన్నాడు.

బుధవారం నేను థిర్జా సామాను సర్దడానికి వెళ్ళాను. సాయం కోసమే వెళ్ళాను, కానీ ఆమె పెట్టెలో ఏముందో చూడాలని కూడా వెళ్ళాను, దాచేదేముంది. ఆమె పింగాణీ పళ్ళాలకి కాగితాలు చుడుతోంది. నేను దుప్పట్ల కింద చెయ్యి పెట్టాను. నీలం ఉన్ని స్వెటరు ఒకటి దొరికింది, మగవాడిది, ఒక చెయ్యి అల్లడం సగంలో ఆగిపోయింది.

మా రేవులో స్వెటరు అంటే ఊరికే చలికి వేసుకునేది కాదు. ఇంటింటికీ ఒక అల్లిక. నిచ్చెనమెట్లు, మధ్యలో గింజలు, అది థీకర్లది. పుట్టింట్లో ఉన్న పిల్ల ఇంకో ఇంటి అల్లిక అల్లిందంటే ఆ ఇంటికి కోడలు కాబోతోందని అర్థం, అంతకుముందు అల్లనివ్వరు. అంచు తిప్పి చూశాను. ఎ, టి అని రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉన్నాయి, ఆంబ్రోస్ థీకర్ అని.

నేను పడిన చోటూ, నా మోకాళ్ళ దగ్గర నీళ్ళూ, గోడ దగ్గరికి నడిచిపోతున్న ఆ వీపూ అన్నీ మళ్ళీ కళ్ళ ముందుకొచ్చాయి. ముప్పయ్యెనిమిదేళ్ళు నేను చూసింది ఒకటి, చెప్పింది ఇంకొకటి.

"థిర్జా," అన్నాను.

ఆమె తల తిప్పి చూసింది. "చూశావుగా. మడతపెట్టు. కలరా ఉండలు ఆ డబ్బాలో ఉన్నాయి."

"రేపు కమిటీలో చెప్తాను."

"నీ నోరు నీది," అంది. "నేను రానక్కడికి." మళ్ళీ కాగితం అందుకుంది.

గురువారం మధ్యాహ్నం చాపెల్ వెనక గదిలో కూర్చున్నారు. టీ, ఎండుద్రాక్ష రొట్టెలు పెట్టారు. బెంచీల మీద ఊరు సగం ఉంది. నేను లేచి గొంతు సవరించుకున్నాను. తలుపు దగ్గర కర్ర చప్పుడైంది.

"కూర్చోవే డైనా," అంది కెజియా అత్త. "నువ్వు మొదలుపెడితే నేను పోయేలోపు అవదు."

కుర్చీ వేశారు. కూర్చోలేదు.

"నా కొడుకు పోవడానికి ముందు ఆదివారం వాడు వచ్చి లెడ్లీ పిల్లని చేసుకుంటానన్నాడు. చేసుకుంటే నా గడప తొక్కొద్దన్నాను. ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు. మాట్లాడకుండానే వాడు చేపలకి పోయాడు." హాక్స్‌బీ గారు ఏదో అనబోతే కర్ర ఎత్తింది. "ఆ పిల్ల గోడ దగ్గరికి ఎందుకు వెళ్ళిందో ఆ ఇసుక మీద నాకొక్కదానికే తెలుసు. తెలిసే నోరు మూసుకున్నాను. కట్టుబాటు నిలబెట్టింది ఆ పిల్ల. తప్పినదాన్ని నేను. నన్ను తీసుకొచ్చి మూడో నంబర్లో పెట్టారు. ఇప్పుడు రాయి చదువుకుంటారో, మానేస్తారో మీ ఇష్టం."

ఎవరూ చదవలేదు. హాక్స్‌బీ గారు చెయ్యెత్తమన్నారు, ఐదు చేతులూ లేచాయి. ఆయనది అన్నిటికంటే నెమ్మదిగా లేచింది, కానీ లేచింది. ఆంబ్రోస్ పోయిన రోజు ఎడమ తాడు మీద ఉన్నవాళ్ళం ఇంకా ఆరుగురం బతికే ఉన్నాం. ఆరుగురం వెళ్ళి థిర్జా మంచం, అల్మరా, పొయ్యి ముందు కుర్చీ కొండ వాలు మీంచి మోసుకొచ్చి నాలుగో నంబర్లో పెట్టాం. క్షమించమని అడగడానికి మాటలు రాక, మోయడానికి ఇంకేమైనా ఉందా అని అడిగాం. లేదంది.

నెల గడిచింది. పొద్దున్నే థిర్జా పక్కింటికి వెళ్ళి కెజియా అత్త పొయ్యి అంటించి వస్తోందని విన్నాను. నమ్మక నా కళ్ళతో చూశాను. ఇక ఆగలేకపోయాను. ఒక మధ్యాహ్నం ఆమె పీతలు వలుస్తూ కూర్చుంటే ఎదురుగా కూర్చుని సూటిగా అడిగాను.

"నీ మీద ఊరంతా దుమ్మెత్తిపోస్తుంటే నిజం తెలిసీ నోరు మెదపని మనిషి ఆమె. హల్‌లో గది ఉండగా, ఆమె గోడ పక్కనే ఇల్లు కావాలని ఎందుకు పట్టుబట్టావు?"

పీత డొక్క విరిచి మాంసం గిన్నెలో వేసింది. ఇంకొకటి అందుకుంది.

"ఆ రోజు నేను కట్టుబాటు చూసుకున్నాను. ఆవిడ చూసుకోలేదు. నా చేతుల్లో బలం ఆవిడకి రెండింతలు, నీకు తెలుసు, నా వెనకే ఉన్నావు. నేను ఉండిపోయి ఉంటే ఆ మూడు నిమిషాలు పోయేవి కావేమో. లేదా అతన్ని చూసి నేనూ నీళ్ళలోకి పరిగెత్తి బండినే ఒరగదోసేదాన్నేమో. ఊరేమనుకుంటే నాకేం డైనా. నేను చేసింది తప్పో ఒప్పో చెప్పదగ్గ మనిషి ఒక్కతే ఉంది, ఆవిడకి తొంభై ఏళ్ళు. రోజూ వెళ్తాను. పొయ్యి అంటిస్తాను, గంజి కాచి ఇస్తాను, ఎదురుగా కూర్చుంటాను. నేను ఇంకా అడగలేదు."