పెదాలు కనపడని రోజులు

నేను కోడలిగా గవర్నర్‌పేట వచ్చిన కొత్తలో మా అత్తయ్యలో నాకు బాగా నచ్చిన గుణం ఒకటుంది. మనం ఏదైనా చెబుతుంటే ఆవిడ చేస్తున్న పని ఆపేసి, ముఖంలోకి చూస్తూ వింటారు. కూర తరుగుతుంటే చెయ్యి ఆగిపోతుంది. చీర మడత పెడుతుంటే మడత సగంలో నిలిచిపోతుంది. నేను పుట్టిన ఇంట్లో నా మాట ఎవరూ అలా వినలేదు. నాన్న పేపరు వెనక నుంచి ఊఁ కొట్టేవారు. అమ్మకి ఎప్పుడూ పొయ్యి మీద ఏదో ఒకటి మాడిపోతూ ఉండేది. పెళ్లైన నెల రోజులకే నేను మా అమ్మకి ఫోన్ చేసి, "మా అత్తయ్యకి నేనంటే ఎంత ఇష్టమో!" అని గొప్పగా చెప్పుకున్నాను.

మాకో చీరల కొట్టుంది. మెయిన్ రోడ్డు మీద కాదు, ఒక లాడ్జి పక్క సందులో. లోపల నలుగురు కూర్చుంటే ఐదోవాళ్లు గుమ్మంలో నిలబడాలి. అత్తయ్యది పెడనలో నేతపని చేసుకునే కుటుంబం. బట్టని వేళ్ల మధ్య ఒక్కసారి నలిపి అది చేతిమగ్గం మీద నేసిందో, మరమగ్గం మీద నేసిందో చెప్పేస్తారు. ఆవిడ మాట మీద నమ్మకంతో చల్లపల్లి నుంచీ, గన్నవరం నుంచీ వచ్చేవాళ్లున్నారు. మావయ్యగారు గల్లాపెట్టె దగ్గర కూర్చుంటారు. ఆయనకొక అలవాటుంది. వచ్చినవాళ్లు ఏమడిగినా ఆవిడ వైపు తిరిగి మళ్లీ చెబుతారు. "చిన్నంచు కావాలంట. ఆకుపచ్చ వద్దంట." మా ఆయనా నేనూ దాన్ని అనుకరించి నవ్వుకునేవాళ్లం. ఇంట్లో కూడా అంతే. గేటు దగ్గర కూరలబండి అతను వంకాయలంటే, మావయ్యగారు వంటింట్లోకి వెళ్లి ఆవిడ ఎదురుగా నిలబడి వంకాయలనేవారు.

కరోనా వచ్చిన ఏడాది లాక్‌డౌన్ సడలించాక కొట్లు తెరవనిచ్చారు. అందరూ మాస్కు పెట్టుకోవాలి, మనిషికీ మనిషికీ మధ్య ఎడం ఉండాలి, లేకపోతే కొట్టు మూయిస్తామన్నారు. నేను టీచర్‌గా పనిచేసే ప్రైవేటు స్కూలు అప్పటికింకా తెరవలేదు. ఇంట్లో ఊరికే కూర్చోలేక నేనూ కొట్టుకి వెళ్లడం మొదలుపెట్టాను.

వారం తిరక్కుండానే మాటలు మొదలయ్యాయి. ఎప్పుడూ వచ్చే ఒకావిడ నన్ను పక్కకి పిలిచి, "మీ అత్తగారికి మా మీద కోపమేమన్నా ఉందా? పలకరిస్తే అటు తిరిగిపోతున్నారేంటి?" అంది. ఇంకొకాయన జాకెట్టు గుడ్డ అడిగితే లంగా గుడ్డ తీసి ఇచ్చారు. తెల్లది అడిగితే నల్లది తీశారు. నేను గుర్తు చేస్తే, "అవునా, వయసు మీద పడుతోందమ్మాయ్" అని నవ్వేశారు. ఆ నవ్వు కూడా నాకు మాస్కులోంచి సరిగ్గా కనపడలేదు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

చల్లపల్లి నుంచి ఒక టీచరుగారు వచ్చారు. పదేళ్ల నుంచి మా దగ్గరే కొంటున్నారు. మావయ్యగారు పార్సిల్ ఆఫీసుకి వెళ్లారు. నేను లోపల అరల్లో సరుకు సర్దుతున్నాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి మెల్లగా చెప్పారు. "నాన్నగారు పోయారండీ. ఎల్లుండి పెద్దకర్మ. అమ్మకి పెట్టడానికి ఒక చీర కావాలి."

అత్తయ్య ఆవిడ కళ్లలో నీళ్లు చూశారు. ఆ టీచరుగారికి పెళ్లీడుకొచ్చిన కూతురుంది. అత్తయ్య చేతులు రెండూ జోడించి, "అమ్మాయికి కుదిరిందా తల్లీ! ఎంత చల్లటి కబురు చెప్పావు! కూతురు వెళ్లిపోతుందంటే ఏడుపు రాదూ మరి!" అంటూ పై అరలోంచి ఎర్రంచు పట్టుచీర తీసి, ఆవిడ ముందు బారుగా పరిచారు.

ఆవిడ ఆ చీర వంక చూశారు. గిరుక్కున వెనక్కి తిరిగి ఆటో ఎక్కేశారు. నేను చేతిలో ఉన్నవి పడేసి పరుగెత్తాను. అప్పటికే ఆటో కదిలిపోయింది.

తిరిగొచ్చి నేను అత్తయ్య మీద కేకలేశాను. "వాళ్ల నాన్నగారు పోయారని చెబుతుంటే పెళ్లిచీర చూపిస్తారేంటి అత్తయ్యా? ఎలా అనిపించి ఉంటుంది ఆవిడకి?"

అత్తయ్య నా కళ్ల వంకే చూస్తున్నారు. "ఏమైందమ్మాయ్? మరీ ఎక్కువ ఖరీదుది తీశానా?" అన్నారు.

ఆ రాత్రి అన్నాల దగ్గర, అత్తయ్య వంటింట్లో ఉండగా, మా ఆయన, "మతిమరుపు మొదలైందేమో, నరాల డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు. నాకూ అదే భయం పట్టుకుంది. మావయ్యగారు కంచంలోంచి తల ఎత్తలేదు.

మర్నాటి నుంచి ఆయన కొట్టు వదిలి కదల్లేదు. ఎవరేమడిగినా మాస్కు గడ్డం కిందకి లాక్కుని ఆవిడకి చెప్పేవారు, మళ్లీ పైకి పెట్టుకునేవారు. ఆయనకి షుగరుంది. నేను ఎన్నిసార్లు మొత్తుకున్నా వినలేదు. మునిసిపాలిటీ వాళ్లు రెండుసార్లు వచ్చి చెప్పి వెళ్లారు. మూడోసారి, ఈయన మాస్కు కిందకి దించి "మూడువందల లోపు కావాలంట" అంటున్నప్పుడే వాళ్లు సరిగ్గా గుమ్మంలో ఉన్నారు. కొట్టుకి మూడు రోజులు తాళం వేశారు. వాళ్ల పని వాళ్లు చేశారు, నేను వాళ్లని ఒక్క మాట అనలేకపోయాను. అనాల్సిందంతా మావయ్యగారినే అన్నాను. సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ, "మీకు ఏమన్నా అయితే మా గతేంటి? ఒక్క మాట కోసం మాస్కు తీయకపోతే కొంపలు మునిగిపోతాయా?" అని గట్టిగానే అడిగాను.

ఆయన పిట్టగోడకి ఆనుకున్నారు.

"దానికి వినపడదమ్మా" అన్నారు.

"ఎప్పట్నుంచి?"

"నాకు తెలిసి పెళ్లి నాటి నుంచీ. అంతకు ముందు నుంచే ఉండి ఉంటుంది. ఒక చెవి అసలు పనిచేయదు. రెండో చెవికి గోల తెలుస్తుంది గానీ మాట తెలీదు."

అప్పుడు చెప్పారు మొత్తం. పెడనలో వాళ్లింట్లో పక్కపక్కనే మూడు మగ్గాలు ఆడుతుండేవట. ఆ చప్పుడులో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఇంటిల్లిపాదీ ఒకళ్ల పెదాలు ఒకళ్లు చూసుకుని మాట్లాడుకునేవాళ్లట. అందుకని పిల్లకి చెవులు పోతున్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ పట్టలేదు. ఆవిడకే పట్టలేదు. పెళ్లై ఇక్కడికొచ్చాక, మగ్గాలు లేని ఇంట్లో తెలిసింది.

"ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టేయించుకుంది. చెవిటిదాన్ని కట్టుకున్నాడని నన్నంటారని దాని భయం. నన్నంటే నాకేంటమ్మా? కానీ ఒట్టేశాను కదా." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాం. ఈ మాస్కులొచ్చి పడ్డాయి."

నేను బట్టల మూట పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను. ముందు నాకు కోపం వచ్చింది, ఇంత చదువుకుని పదిహేనేళ్లు పక్కనే ఉండి నాకెలా తెలియలేదని. తర్వాత వచ్చిన ఆలోచన మరీ చిన్నపిల్లల ఆలోచన. అయితే ఆవిడ నా ముఖంలోకి చూస్తూ విన్నది ఇష్టంతో కాదా, పెదాలు చదవడానికేనా? చాలాసేపటికి గానీ నాకు తట్టలేదు. వినపడకపోతే తప్పించుకుని తిరగడం తేలిక. ఆవిడకి నా సోది మొత్తం చదవాల్సిన అవసరం ఏముంది? నా స్కూల్లో గొడవలు, మా చెల్లెలి అలకలు, అన్నీ ఆవిడ ఒక్క మాట వదలకుండా కళ్లతో ఏరుకున్నారు.

కిందకి వెళ్లేసరికి అత్తయ్య హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ తలెత్తారు. నేను గొంతు లేకుండా, పెదాలు మాత్రం కదిపి అడిగాను: "రేపు కూరేంటి అత్తయ్యా?"

"చిక్కుడుకాయే. టమాటా వేద్దామా?" అన్నారు. అని, నా ముఖం చూసి, చెయ్యి ఆపేశారు. "ఆయన చెప్పేశారా?"

నేను తలూపాను.

"మాస్కులొచ్చిన దగ్గర్నుంచీ ఊరంతా నాతో మాటలు మానేసినట్టుందమ్మాయ్" అన్నారు. ఆ తర్వాత, "ఆ రోజు చల్లపల్లి టీచరమ్మ ఏమంది? నువ్వెందుకు నా మీద అరిచావు?" అని అడిగారు.

అబద్ధం చెబుదామనుకున్నాను. నా పెదాలు చూస్తున్న మనిషికి చెప్పలేకపోయాను. విని ఆవిడ ఏడవలేదు. "తండ్రి పోయిన పిల్ల ముందు పెళ్లిచీర పరిచానా" అని ఒక్కసారి అనుకుని లేచి వెళ్లిపోయారు. ఆ పూట అన్నం తినలేదు.

మాస్కుల రూలు తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. షుగరున్న మావయ్యగారితో సహా మేమంతా బతికి బట్టకట్టింది వాటి వల్లేనేమో. కాకపోతే, కళ్లతో వినేవాళ్లు కొందరుంటారని ఆ రూలు రాసినవాళ్లకి తట్టినట్టు లేదు. తట్టలేదని వాళ్లనేం అంటాం, ఒకే కప్పు కింద ఉన్న నాకే తట్టలేదు.

వినికిడి పరీక్షకి తీసుకెళ్తే అక్కడా మాస్కే. పరీక్ష చేసే కుర్రడాక్టరు ఏదో చెబుతున్నాడు, అత్తయ్య బిక్కమొహం వేసుకుని నా వైపు చూస్తున్నారు. అతను ఒక్క క్షణం ఆలోచించి, అద్దం అవతలి గదిలోకి వెళ్లి తలుపేసుకుని, మాస్కు తీశాడు. అద్దంలోంచి నెమ్మదిగా, "చప్పుడు వినపడితే చెయ్యి ఎత్తండమ్మా" అన్నాడు. చాలా వారాల తర్వాత ఒక పరాయి మనిషి ముఖం పూర్తిగా కనపడేసరికి అత్తయ్య వెలిగిపోయారు. "ఎంత చక్కగా ఉన్నాడో పిల్లాడు!" అని పైకే అనేశారు.

చెవి మిషను వచ్చింది. మొదటి రోజు కొట్టు దాకా నడిచి వచ్చి, రెండు చెవులూ మూసుకుని, "ఇంత గోలలో ఎలా బతుకుతున్నారే మీరంతా?" అన్నారు. ఆటో హారన్లు, లాడ్జి జనరేటరు, చివరికి పాలిథిన్ కవరు చప్పుడు కూడా ఆవిడకి పడలేదు. దానికి తోడు మాస్కు తాడూ, మిషనూ ఒకే చెవి మీద. మాస్కు తీసిన ప్రతిసారీ మిషను ఎగిరి ఎక్కడో పడేది. ఒకసారి చీరల్లో పడిందనుకుని ఒక పూటంతా మడతలు విప్పి వెతికాం. ఒక బేరం కూడా చూసుకోలేదు. చివరికి అది మావయ్యగారి చొక్కా జేబులో దొరికింది. ఆ రాత్రే అత్తయ్య మాస్కుల చెవితాళ్లన్నీ కోసేసి, తల వెనక ముడేసుకునేలా చీర అంచు పీలికలు కుట్టారు. ఆ మాస్కులు చూసి మా సందులో పదిమంది కుట్టించుకున్నారు.

మావయ్యగారికి వేరే కష్టం వచ్చింది. పప్పులో ఉప్పు తక్కువైతే అటు తిరిగి గొణుక్కునే అలవాటు ఆయనకి. మిషను పెట్టిన వారానికి ఒక మధ్యాహ్నం ఆవిడ గరిటె పట్టుకుని, "ఇన్నేళ్లూ ఇదే అంటున్నారా అటు తిరిగి?" అని నిలదీశారు. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పారిపోయాను.

చల్లపల్లి ప్రయాణం మాత్రం ఆలస్యమైంది. కరోనా కేసులొచ్చి ముందు టీచరుగారి వీధి కట్టేశారు, తర్వాత మా వీధి. దారులు తెరిచాక ఒక ఆదివారం నేనే స్కూటీ మీద తీసుకెళ్లాను. ఉయ్యూరు దాటాక రెండు పక్కలా కోతకొచ్చిన వరి. వెనక కూర్చున్న అత్తయ్య ఒడిలో ఒక కాగితం పొట్లం, అందులో లేత బూడిదరంగు నూలు చీర.

టీచరుగారు మమ్మల్ని చూసి అరుగు మీదే ఆగిపోయారు. లోపలికి రమ్మనలేదు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ రమ్మనేవాళ్లు కాదు, అయినా ఈ ఆగడం వేరేలా ఉంది. నేను మాట అందుకోబోతే అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"నాకు వినపడదమ్మా" అన్నారు. "చిన్నప్పట్నుంచీ వినపడదు. నువ్వు ఏం చెప్పావో ఆ రోజు నాకు తెలీలేదు. నీ కళ్లల్లో నీళ్లు చూసి, సంతోషమనుకున్నాను. తప్పైపోయింది తల్లీ."

ఆ మాట ఆవిడ పరాయివాళ్లతో అనడం అదే మొదటిసారి.

టీచరుగారు మెట్లు దిగలేదు. అక్కడే, అరుగు చివర కూర్చుని, మాస్కు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. "నేను మిమ్మల్ని ఎన్ని మాటలు అనుకున్నానో తెలుసాండీ" అంటూ ఏడ్చారు. ఆ తర్వాత వాళ్ల నాన్నగారి గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆస్పత్రిలో చూడనివ్వలేదనీ, చివరికి ఫోన్లో మాట కూడా అందలేదనీ, కర్మకి నలుగురు కూడా రాలేదనీ. ఈ సంగతులు ఆవిడ అప్పటిదాకా ఎవరికీ చెప్పినట్టు లేదు. ఇటు పక్క వాకిట్లో కుర్చీ వేసుకుని అత్తయ్య, కళ్లు తిప్పకుండా, గంటన్నర విన్నారు. లోపలి నుంచి వాళ్లమ్మగారు వచ్చి, చీర తీసుకుని, బట్ట తడిమి చూసి, "మెత్తగా ఉంది" అన్నారు.

మాస్కులు పోయాక అత్తయ్య మిషను పెట్టుకోవడం తగ్గించారు. ఫోను మాట్లాడేటప్పుడూ, గుళ్లోనూ పెట్టుకుంటారు. కొట్లో అక్కర్లేదంటారు. ఎవరైనా పక్కకి తిరిగి మాట్లాడితే, "ఇటు చూసి చెప్పమ్మా, నాకు వినపడదు" అంటారు, మంచినీళ్లడిగినంత మామూలుగా. జనం కూడా ఇటు చూసి చెబుతారు, అంతే. మావయ్యగారికిప్పుడు కొట్లో పెద్దగా పనిలేదు. "మీరు అలా తిరిగి రండి" అని ఆవిడే పంపిస్తుంటారు. చెప్పులేసుకుని టీ తాగడానికి సెంటర్ దాకా వెళ్తారు. పది నిమిషాలకల్లా వెనక్కి వచ్చేసి, ఎండగా ఉందంటారు.