సీటు తగాదా తీరిపోయాక

డెబ్బైల చివర నాకు కడియం అవతల ఒక పల్లెటూరి బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. మా ఇల్లు రాజమండ్రిలో. నాన్నగారికి బజారులో బట్టల కొట్టు ఉండేది. రోజూ పొద్దున్న ఏడున్నర బస్సుకి వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేదాన్ని. అది ప్రైవేటు బస్సు. కండక్టరు ఆ బస్సు యజమానికి స్వయానా బావమరిది. అందుకని మాతో పాటు డ్రైవరు కూడా అతనికి భయపడేవాడు.

ఆ బస్సులో సీటు దొరకాలంటే ఒక పద్ధతి ఉండేది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి తువ్వాలో, సంచీయో, గొడుగో సీటు మీదకి పడెయ్యాలి. ఎవరి వస్తువు ముందు పడితే సీటు వాళ్ళది. ఎవరూ ఎక్కడా రాసిపెట్టకపోయినా అందరూ ఒప్పుకున్న నియమం అది.

ఆ రోజు వాన పడుతోంది. స్కూళ్ళు తెరిచి పదిహేను రోజులైంది. మా హెడ్మాస్టరుగారు కూడా ఆ బస్సుకే వచ్చేవారు. రిటైరవడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. మోకాళ్ళ నొప్పుల వల్ల నిలబడి ప్రయాణం చెయ్యలేరు. ఆయన కిటికీలోంచి గొడుగు పడేశారు. సరిగ్గా అదే క్షణంలో అవతలి కిటికీలోంచి ఒక తువ్వాలు అదే సీటు మీద పడింది. అది కడియం నర్సరీల్లో మామిడికి అంటు కట్టే మనిషిది. నలభై ఏళ్ళుంటాయి. ముందు రోజు మొక్కల లారీతో వెళ్ళి, సరుకు దింపించి, నిద్ర లేకుండా తిరిగి వస్తున్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఇద్దరికీ సీటు అవసరమే.

"నా గొడుగు ముందు పడిందయ్యా. కావాలంటే చూడు, నీ తువ్వాలు పైనుంది."

"పైనుందంటే ఎగిరిందండి మేస్టారు. తువ్వాలు కదండీ, గాలికి లేస్తది. గొడుగు లేవదు కదండీ."

దానికి హెడ్మాస్టరుగారికి కోపం వచ్చింది. ఆయన గొంతు బడిలో నాలుగు గదులు దాటి వినపడే గొంతు. బస్సంతా తిరిగి చూసింది. రెండు మూడు మాటలు అటూ ఇటూ అయ్యాయి. ఆడవాళ్ళ సీట్లో నా పక్కన కూర్చున్న ఒక ముసలావిడ విసుక్కుని, "ఇద్దరూ బక్కోళ్ళే కదయ్యా, ముగ్గురు కూకోలేరా అందులో?" అంది. నిజమే. ఆ సీట్లో అప్పటికే కిటికీ దగ్గర కూర్చున్నాయన కాస్త సర్దుకున్నాడు. అంటు కట్టే మనిషి తువ్వాలు దులుపుకుని, "కూకోండి మేస్టారు. నేను చివర ఇలా ఒదుగుతాను. కడియంలో దిగిపోయేవోణ్ణే కదండీ" అన్నాడు. హెడ్మాస్టరుగారు కూర్చున్నారు. అతనూ కూర్చున్నాడు. అయిపోయింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఈ మాట నేను తర్వాత ఎంతమందికి, ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. తగాదా అప్పటికే అయిపోయింది.

కండక్టరు వెనక నుంచి టిక్కెట్లు కొడుతూ అప్పుడు వచ్చాడు. "ఏంటండీ ఇందాకటి గోల?" అన్నాడు.

"ఏం లేదు. తీరిపోయింది" అని హెడ్మాస్టరుగారు అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు. "ఎక్కేవాళ్ళకి సీట్లు చూపించడం నీ పని. జనాన్ని బస్తాల్లా కుక్కడం తప్ప నీకేం తెలుసు?" అనేశారు. నలుగురు నవ్వారు. బావమరిదిగారి మొహం మాడిపోయింది.

"అలాగా! సీట్లు స్టేషన్లో చూపిస్తాన్లెండి" అని విజిల్ వేసి, బస్సుని పోలీస్ స్టేషనుకి పోనివ్వమన్నాడు. అందరం మొత్తుకున్నాం. బడి టైమైపోతోందన్నాను నేను. ఆస్పత్రికి వెళ్ళాలని ముసలావిడ అంది. డ్రైవరు వెనక్కి తిరిగి ఒకసారి మా మొహాలు చూశాడు, ఒకసారి బావమరిది మొహం చూశాడు, స్టీరింగు తిప్పాడు.

ఏ ఊరి స్టేషనో చెప్పను. కొత్తగా వచ్చిన ఎస్సై, కుర్రవాడే, మా నాలుగో అన్నయ్య వయసు. కిందటి వారం ఏదో సినిమా హాలు దగ్గర టిక్కెట్ల కోసం కొట్టుకుంటే ఆలస్యంగా వెళ్ళాడని పైవాళ్ళు చివాట్లు పెట్టారట. ఇది నాకు తర్వాత తెలిసింది. అక్కడ ఆలస్యమైనందుకు ఇక్కడ ముందే మొదలుపెట్టాడు. బస్సులో గొడవ అన్న మాట చెవిన పడగానే నలుగురు కానిస్టేబుళ్ళని లాఠీలతో వెంటబెట్టుకుని బయటికి వచ్చాడు.

"అందరూ దిగండి! లైన్లో నిలబడండి!"

నలభై మందిమి వానలో వరసగా నిలబడ్డాం. చంకలో పిల్లలున్నవాళ్ళూ, చేతిలో క్యారేజీలున్నవాళ్ళూ. మమ్మల్ని చూస్తే ఎవరికైనా నవ్వు రావాలి. ఆయనకి రాలేదు.

"కొట్టుకున్నది ఎవరు?"

ఎవరూ కొట్టుకోలేదు కాబట్టి ఎవరూ పలకలేదు. ఆయన మళ్ళీ అరిచాడు. అప్పుడు అంటు కట్టే మనిషి ఒకడుగు ముందుకు వేసి, చిన్నగా నవ్వుతూ, "ఎవరూ కొట్టుకోలేదండి బాబూ. సీటు దగ్గర మేస్టారికీ నాకూ మాటా మాటా అయిందండి. సర్దేసుకున్నామండి ఆయ్" అన్నాడు.

భయం వేసినా, మొహమాటం కలిగినా నవ్వే మనుషులు మా వైపు చాలామంది. అదలాంటి నవ్వే.

"నవ్వుతావేంట్రా? పరాచికాలుగా ఉందా?" అన్నాడు ఎస్సై.

ఒక కానిస్టేబులు లాఠీ ఎత్తాడు. అతను తలకి అడ్డంగా చేతులు పెట్టుకున్నాడు. మొదటి దెబ్బ మోచేతి మీద పడింది. రెండోది కుడిచేతి బొటనవేలి మీద పడింది. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న చప్పుడు వినిపించింది. అతను వేలిని ఎడంచేత్తో పట్టుకుని కింద కూలబడ్డాడు.

"ఏంటయ్యా ఇది! ఏం చేశాడని?" అంటూ హెడ్మాస్టరుగారు ముందుకు వెళ్ళబోయారు. ఇంకో కానిస్టేబులు ఆయన గుండెల మీద లాఠీ అడ్డంగా పెట్టి నెట్టాడు. ఆయన బురదలో వెనక్కి పడ్డారు. తెల్లపంచె నడుము దాకా ఎర్రబురద అయింది. అప్పుడు నాకు నోరు వచ్చింది. "ఆయన మా హెడ్మాస్టరుగారండీ!" అన్నాను. అంతకంటే నాకేమీ తోచలేదు. ఎవరైతే మాత్రం ఎందుకు నెట్టాలి అని అడగాలని ఇంటికి వెళ్ళాక తోచింది.

ఆ మాటకి ఎస్సై మొహం మారింది. ఇద్దర్నీ వరండాలోకి తీసుకెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. హెడ్మాస్టరుగారికి కుర్చీ వేయించాడు. అంటు కట్టే మనిషిని గోడవారన నేల మీద కూర్చోబెట్టారు.

"కూర్చోండి మాస్టారూ. మీరని ముందే చెప్పాల్సింది" అన్నాడు ఎస్సై.

"అతనికీ కుర్చీ వేయించండి. అప్పుడు కూర్చుంటాను."

"వాడికా?"

హెడ్మాస్టరుగారు ఆ మోకాళ్ళతో గోడ పట్టుకుని మెల్లగా కిందకి దిగి, నేల మీద అతని పక్కన కూర్చున్నారు. ఎస్సై విసుగ్గా లోపలికి వెళ్ళిపోయాడు. పదిన్నర దాకా ఎవరూ వచ్చి ఏమీ అడగలేదు. వేలు వాచి నల్లబడుతోంది, ఆస్పత్రికి పంపండని నేను రెండుసార్లు అడిగాను. "రైటరు రావాలమ్మా" అన్నారు. రైటరు టిఫినుకి వెళ్ళాడట.

చివరికి ఆ రైటరు వచ్చి ఒక కాగితం రాశాడు. బస్సులో అల్లరి చేసి ప్రజలకి అసౌకర్యం కలిగించినందుకు క్షమించమని ఇద్దరూ వేడుకుంటున్నట్టు. సంతకం పెడితేనే ఆస్పత్రికి పంపుతామన్నారు. హెడ్మాస్టరుగారు పక్కనున్న వేలి వంక చూసి, పళ్ళు బిగబట్టి సంతకం చేశారు. అంటు కట్టే మనిషి కలం పట్టుకోలేకపోయాడు. ఎడంచెయ్యి లాక్కుని బొటనవేలి నిశానీ వేయించారు.

"నాకు సంతకం వచ్చండి. ఐదో క్లాసు చదివానండి" అన్నాడతను. ఆ పొద్దున మొత్తమ్మీద అతని గొంతులో కోపం విన్నది అప్పుడొక్కసారే.

వేలు రెండుచోట్ల విరిగింది. పిండికట్టు వేశారు. అంటు కట్టాలంటే చిన్న మొక్క కాండాన్నీ మంచి రకం కొమ్మనీ ఏటవాలుగా చెక్కి, రెండు కోతల్నీ ఒకదానికొకటి అతికించి, సందు లేకుండా బిగించి కట్టాలి. ఆ బిగింపంతా బొటనవేల్లో ఉంటుంది. ఆ పనికి కాలం వానాకాలమే. ఆ ఏడు వానాకాలం అతను నర్సరీలో చెట్టుకింద కూర్చుని పక్కవాళ్ళు కడుతుంటే చూశాడు.

హెడ్మాస్టరుగారు పై అధికారులకి అర్జీ పెట్టారు. సాక్షిగా నన్ను సంతకం పెడతావా అని అడిగారు. ఇంట్లో చెప్తే నాన్నగారు తింటున్న కంచంలోంచి తలెత్తారు. "ఆడపిల్లవి, పోలీసుల మీద సంతకం పెడతావా? మనది బజారులో వ్యాపారం. పొద్దున లేస్తే వాళ్ళతో పని. మాష్టారుగారు పెద్దవారు, ఆయన చూసుకుంటారు" అన్నారు. మర్నాడు బడిలో సంతకం పెట్టేసి, ఇంట్లో వారం రోజులు చెప్పలేదు. తెలిశాక ఆయన నాతో మాట్లాడడం మానేశారు. కోపమో భయమో ఇప్పటికీ తెలియదు.

మూడు నెలలకి ట్రావెలర్స్ బంగళాలో విచారణ జరిగింది. ఒక పెద్ద అధికారి వచ్చారు. మర్యాదస్తుడే. నాకు కాఫీ కూడా ఇప్పించారు. గంటసేపు ఆయన నన్ను అడిగిందల్లా ఒకటే: గొడుగు ముందు పడిందా, తువ్వాలు ముందు పడిందా? కాగితం మీద సీట్ల బొమ్మ గీశారు. నేను కూర్చున్న చోటునుంచి ఆ సీటు కనపడుతుందా అన్నారు. తువ్వాలు తడిసి ఉందా, పొడిగా ఉందా అన్నారు. నాకు ఓపిక పోయింది.

"సీటు ఎవరిదో తేలితే వేలు అతుక్కుంటుందాండీ?" అన్నాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తగాదా స్వరూపం తెలియాలి కదమ్మా" అన్నారు.

"తగాదా తీరిపోయిందండీ. అదే నేను చెప్తున్నది."

చివరికి నా వాంగ్మూలం టైపు చేయించి చదివించారు. "గుంపును అదుపు చేయుటకై స్వల్ప బలము ఉపయోగించిరి" అని ఉంది. నేను ఒక్క ముక్క కూడా అలా అనలేదు. ఏ గుంపు అని అడిగాను. లైన్లో నిలబడమంటే నిలబడ్డాం కదా అన్నాను. స్వల్పమంటే ఎంత అని అడిగాను. "రాసే పద్ధతి అదేనమ్మా. ఎక్కడైనా అలాగే రాస్తాం" అన్నారు. నేను సంతకం పెట్టనని కూర్చున్నాను. నాకు ధైర్యం ఎక్కువై కాదు. గంటసేపు గొడుగూ తువ్వాలూ విన్నాక, ఆ కాగితం మీద ఒక్క వాక్యమైనా జరిగింది జరిగినట్టు లేకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది. సాయంత్రం దాకా కూర్చున్నాక ఆ వాక్యం కొట్టేసి, "అడిగినదానికి నిలబడి జవాబు చెప్పుచున్న మనిషిని లాఠీతో రెండు దెబ్బలు కొట్టిరి" అని చేత్తో రాయించారు. దాని కింద సంతకం పెట్టాను.

మరుసటి వేసవిలో జవాబు వచ్చింది. ఆరోపణ పాక్షికంగా రుజువైందట. తగు చర్య తీసుకోబడిందట. ఆ చర్య ఏమిటో అందులో లేదు. హెడ్మాస్టరుగారు దాన్ని నాలుగుసార్లు చదివి, ఎర్రసిరా కలంతో పాక్షికంగా అన్న మాట చుట్టూ సున్నా చుట్టి, మళ్ళీ అర్జీ రాశారు. దానికి జవాబు రాలేదు. ఎస్సైకి బదిలీ అయిందని విన్నాం. కొట్టిన కానిస్టేబులు ఆ స్టేషన్లోనే ఉన్నాడు. అప్పుడప్పుడు మా బస్సే ఎక్కేవాడు. అతను ఎక్కగానే కండక్టరు ఎవరో ఒకర్ని లేపి సీటు ఇప్పించేవాడు. లేచినవాడు కూడా గొణగకుండా లేచేవాడు. అది చూసినప్పుడల్లా నాకు వాళ్ళందరి మీదా ఒకేసారి కోపం వచ్చేది. తల కిటికీ వైపు తిప్పుకునేదాన్ని.

వేలు అతికింది గానీ వంకరగా అతికింది. ఆ తర్వాతి వానాకాలం నేనూ హెడ్మాస్టరుగారూ బడి ఆవరణలో నాటడానికి మొక్కల కోసం కడియంలో దిగి అతని దగ్గరికి వెళ్ళాం. ఇప్పుడు అంటు కట్టేది అతని భార్య. అతను పక్కన గొంతుక్కూర్చుని, "బిగించు, ఇంకా బిగించు, అది సచ్చిపోద్ది" అంటున్నాడు. ఆవిడ కత్తి పక్కన పడేసి, "ఇంకెంత బిగించను? నీకు నచ్చితే కదా!" అంది.

అతను మా వైపు చూసి, "చూశారా మేస్టారు, సంవత్సరం నుంచీ ఇదే గొడవండి మా ఇద్దరికీ" అన్నాడు. అని లేచి, మాకు మంచి మొక్కలు ఏరడానికి లోపలికి వెళ్ళాడు.