నున్నటి పెడలు

మా వంటింటి అలమారలో, ఉదయగిరి చెక్క గంటెల పక్కన, అరచేతిలో పట్టేంత చెక్కముక్క ఒకటుంది. అంచున పూలతీగ, పొడుగునా ఒక చిల్లు. ముసురు రోజుల్లో ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ కర్ర వాసన, దాని అడుగున గ్రీజు వాసన తగులుతాయి. చూసినవాళ్ళు అగరుబత్తీల స్టాండా అంటారు. సైకిలు పెడలంటే నవ్వుతారు. నాకు నవ్వు రాదు, ఒళ్ళు మండుతుంది.

తొంభైల మొదట్లో మాది ఉదయగిరి కొండ కింద చిన్న పల్లె. నాయన లారీ మీద పోతే ఎప్పటికో వచ్చేవాడు. ఆయన సైకిలు వసారాలో ఊరికే పడి ఉండేది. ఎండాకాలం సెలవుల్లో, పొద్దు వాలినా బండలు ఇంకా సెగలు కక్కుతుంటే, పావడా మడతల్లో పుల్లటి కలేకాయలు, ఉప్పు పొట్లం పెట్టుకుని, నేనూ, గంటెలు చెక్కేవాళ్ళ హసీనా, మేకలవాళ్ళ కరుణ ఆ సైకిలును కొండవాలు మీదికి నెట్టుకుపోయేవాళ్ళం. సీటు అందదు కాబట్టి బారు కింద నుంచి కాలు దూర్చి, గులకరాళ్ళ బాట మీద గడగడలాడుతూ చింతతోపు దాకా దిగేవాళ్ళం. "మోకాళ్ళు పగలగొట్టుకోని రాండి, కారం పూస్తా!" అని అవ్వ వాకిట్లోంచి అరిచేది. అరుస్తూనే పసుపు నూరి పెట్టుకునేది.

కరుణ, వాళ్ళమ్మ పోయినప్పటి నుంచి ఎవరితోనూ మాట్లాడేది కాదు. మొదటిసారి కాలు కింద పెట్టకుండా వాలంతా దిగిన సాయంత్రం ఆ పిల్ల పెట్టిన కేకకు వాళ్ళ మేకలే చెదిరిపోయాయి. ఆ తర్వాత దాని నోరు ఆపడం మా వల్ల కాలేదు. ఆదివారం ప్రార్థన కాగానే చర్చి గౌన్లతోనే వచ్చే పిల్లలు, హసీనా చెల్లెళ్ళు, గొర్రెలవాళ్ళ పిల్లలు వంతు కోసం బండల మీద కూర్చునేవాళ్ళు. ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు తాగని ఇళ్ళ పిల్లలు ఒకరు తొక్కుతుంటే ఇంకొకరు క్యారియర్ పట్టుకుని పరిగెత్తేవాళ్ళు.

బడి తెరిచేనాటికి కరుణ వాళ్ళ నాయన ఒక మాట అన్నాడు. "సైకిలుండాది గాబట్టి హైస్కూలుకి పంపిస్తా. లేకుంటే మేకల కాడికే." బస్సు మా పల్లెలో ఆగితే ఆగేది, లేకపోతే లేదు. అందుకని రోజూ నేనూ, కరుణా ఒకరం తొక్కుతూ, ఒకరం వెనక కూర్చుని ఉదయగిరి బడికి పోయేవాళ్ళం. కరుణ చదువంతా ఆ రెండు చక్రాల మీదే ఉండేది.

అది మా పెదనాయనకు కంట్లో నలుసైంది. ఊళ్ళో ఎవరింట్లో ఏ కూర ఉడికినా తనను అడిగే ఉడకాలనుకునే మనిషి. "ఆడపిల్లలు కొండల్లో సైకిళ్ళు తొక్కేదేంది? రేపు వీళ్ళనెవుడు చేసుకుంటాడు?" అన్నాడు. తమ్ముడి సైకిలును అమ్మే ధైర్యం లేదు మహానుభావుడికి. పెడళ్ళు పీకి బావిలో పడేశాడు. ఉత్త ఇనప కడ్డీలు మిగిలాయి.

హసీనా ఊరుకుంటుందా? వాళ్ళ నాయన ఉలి తీసుకుని, గంటెల కర్రతోనే రెండు పెడళ్ళు చెక్కింది. వాళ్ళింట్లో చెక్కిన వస్తువేదీ గరుకుగా గడప దాటదు. చేతికున్న అలవాటు కొద్దీ అంచున పూలతీగ చెక్కి, ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది అద్దంలా నున్నగా చేసి ఇచ్చింది. ఎంత బాగున్నాయో అని మురిసిపోయామే తప్ప, కాలికి పట్టు కావాలని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

మరునాడు పొద్దున సన్నగా తుంపర. కరుణ తొక్కుతోంది, నేను వెనక కూర్చున్నాను. వాలు దగ్గర దాని తడికాలు జారింది. నాకు గీరుకుపోయింది, దానికి కాలు విరిగింది. ఎముక వంకరగా అతుక్కుంది. "చెప్పినానా లేదా?" అని పెదనాయన రచ్చబండ మీద మీసం దువ్వాడు. ఊరంతా తలూపింది. హసీనా ఏడ్చుకుంటూ ఒక పెడలును పొయ్యిలో పెట్టేసింది, రెండోది నేను దాచాను. అసలు పెడళ్ళు పీకిందెవడని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు, వాళ్ళ నోళ్ళు పడిపోను! కరుణ బడి మానేసింది. కుంటికాలితో ఆ కొండంతా మేకల వెంట తిరిగింది, ఇప్పటికీ తిరుగుతోంది.

పోయిన నెల ఆత్మకూరులో ఆడపిల్లల సైకిలు ర్యాలీ. ముఖ్య అతిథి మా పెదనాయన అని తెలిసి, పెడలు సంచిలో వేసుకుని మరీ పోయాను. శాలువా కప్పుకుని మైకులో దంచాడు. "సైకిలు తొక్కితే ఆడపిల్లకి ఒంటికి ఆరోగ్యం, మనసుకి ధైర్యం, నలుగురితో కలివిడి. మా ఇంటి పిల్లలకి ఆ కాలంలోనే నేను సైకిలిచ్చినాను!" చప్పట్లు. ర్యాలీ తారురోడ్డు మీద బస్టాండు దాకా పోయి, ఫోటోలతో ముగిసింది. మా గులకరాళ్ళ బాట కంపచెట్లలో మూసుకుపోయి ఎన్నేళ్ళయిందో. కిందికి దిగిన పెదనాయన చేతిలో పెడలు పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగుండాదమ్మా. అగరుబత్తీల స్టాండా?"

నటన కాదు, నిజంగానే మరిచిపోయాడు. పెడలు లాక్కుని బయటికొచ్చి కరుణకు ఫోన్ చేశాను. అటునుంచి మేకల అరుపులు. అంతా విని అది తాపీగా అంది.

"ఆయనకెందుకు గుర్తుంటాదే? పడింది ఆయన గాదు గదా."