పేటంతటికీ పొటాషియం

రక్తపరీక్ష కాగితం మీద ఉత్త అంకెలే ఉండి, వాటి మంచిచెడ్డలు డాక్టరుగారి ముఖం చూసి గ్రహించుకోవలసిన కాలంలో పెరిగినదాన్ని నేను. ఇప్పుడు ఫోనులోకి వచ్చే రిపోర్టే పక్కన కూర్చుని నచ్చజెప్పినట్టు అన్నీ వివరిస్తోంది. ఆ రెండు కాలాలకూ నడుమ, నందిగామలో ఒక చిన్న ల్యాబులో నా మొదటి ఉద్యోగం. చిన్నప్పుడు ఆయాసం వల్ల నన్ను బడికి పంపక, అమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పింది (పరీక్షలు మాత్రం బయటికి వెళ్లే రాశాను). అమ్మ చేతికిచ్చిన పుస్తకాలన్నీ నిజాలే చెప్పాయి కనుక, అచ్చులో కనబడ్డదల్లా నిజమేననే నమ్మకం నాకు ఒంటబట్టింది. ఆ చదువుకు దేవుడికి నేటికీ కృతజ్ఞురాలినే గాని, ఆ నమ్మకంతో ల్యాబులో పనికి కుదరడం కొంచెం ప్రమాదమే.

ఆ వేసవిలో మా కంప్యూటరులోకి ఒక కొత్త ప్రోగ్రాం వచ్చింది. ఫలితాలూ, వయసూ, వాడుతున్న మందులూ ఎక్కిస్తే చాలు, వాటి అర్థం తనే కింద రాసిపెట్టేది. ఎక్కడో పెద్ద డాక్టర్లు తమకు తెలిసినదంతా 'ఇలా ఉంటే ఇది, అలా ఉంటే అది' అని దానికి నేర్పారట. ఏది చూసినా ముందు తప్పు పట్టుకుంటుందని మా టెక్నీషియన్ అన్నయ్య దానికి 'మామగారు' అని పేరు పెట్టాడు. నేను మాత్రం రోజూ దాన్ని తెరిచేముందు కళ్లు మూసుకుని, ఇవాళ ఎవరికీ చెడ్డమాట చెప్పించకు ప్రభువా అని అడిగేదాన్ని.

జగ్గయ్యపేటలో ఉండే మా మేనత్తకు అప్పుడు కంటి ఆపరేషను. బీపీ వల్ల ఒకసారి వాయిదా పడి, చివరకు విజయవాడలో కుదిరింది. ఆమె ఆశంతా ఒకటే, తన బైబిలు తనే చదువుకోవాలని. అంతవరకు సెలవురోజుల్లో నేనే వెళ్లి చదివి వినిపించేదాన్ని. ఎవరు ఎవరిని కనెనో చెప్పే వంశావళులు వచ్చినప్పుడు రెండు మూడు తరాలు దాటించబోతే, "వాళ్లనీ దేవుడే పుట్టించాడే, చదువు" అనేది. మందులు వాడే మనిషి కదా, రక్తం ఒకసారి చూపించుకుని రమ్మన్నారు ఆసుపత్రివాళ్లు. ఆపరేషనుకు ముందురోజు, పేటలో మా ల్యాబు తరఫున శాంపిళ్లు తీసే బాబాయి ఆమె రక్తం తీసి, మిగతావాటితో కలిపి పొద్దున బస్సులో మాకు పంపాడు.

మామగారు రాసినది ఇంగ్లీషులోనే అయినా నాకు తెలుగులోనే గుచ్చుకుంది. పొటాషియం ప్రమాదకరంగా పెరిగింది, వాడుతున్న బీపీ మాత్ర కారణం కావచ్చు, గుండె లయ తప్పవచ్చు, వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి. అత్తకు ఫోను చేశాను. అత్త మేడ మీద గుమ్మడి వడియాలు పెడుతోంది. గుండె ఎలా ఉందని అడిగితే, నీ గుండె ఎలా ఉందని నన్నే అడిగింది. ఉన్నచోటు నుంచి కదలొద్దని, అలాగే పడుకోమని బతిమాలాను.

"ఈ ఎండలో కదలకుండా పడుకుంటే నేనూ వడియాన్నవుతానే. అసలేం వచ్చిందో చెప్పు. రేపు ఆపరేషను చేస్తారా, చెయ్యరా?"

ఆ కాగితం ఆసుపత్రివాళ్లు చూస్తే చెయ్యరు. దాన్ని పంపకపోతే ఆమె గుండె ఏమవుతుందో తెలియదు. మళ్లీ చేస్తానని ఫోను పెట్టేసి, ఏడుస్తూనే తర్వాతి రిపోర్టు తీశాను. అదీ పేట నుంచి వచ్చిన రక్తమే, దాని కిందా అదే తీర్పు. ఆ తర్వాతదీ అంతే. నాకు అనుమానం రాలేదు సరికదా, పేటమీద ఏదో తెగులు పడిందనుకుని ఊరంతటి కోసం ప్రార్థన మొదలుపెట్టాను.

అప్పుడే వచ్చిన మా డాక్టరుగారు నా ప్రార్థన అయ్యేదాకా మర్యాదగా నిలబడి, కాగితాలు తిరగేసి, "ఊరంతా ఒక్క పూటలో చెడదమ్మా. దారిలో ఏదో జరిగింది" అని బాబాయికి ఫోను చేశారు. బాబాయి గొంతు గర్వంగా వినిపించింది. "రోహిణి ఎండలండి. పాలే విరిగిపోతన్నాయి, రక్తం ఆగుద్దా? సోడాల కొట్లో ఐసు కొట్టించి, చేపల్లాగా నిండా కప్పి పంపా."

డాక్టరుగారు నుదురు పట్టుకున్నారు. కణాలనూ ద్రవాన్నీ వేరుచేయని రక్తాన్ని అలా మంచులో పెడితే కణాల్లోని పొటాషియం బయటికి కారి, లేని జబ్బును చూపిస్తుందట. మామగారు తప్పు చెప్పలేదు. తన ముందుకు వచ్చిన రక్తాన్ని చూసే చెప్పాడు. ఆ మంచునూ చూడలేదు, మేడ మీది మా అత్తనూ చూడలేదు.

మళ్లీ ఫోను చేసి రమ్మంటే, అత్త వడియాల పిండి చేతులు కడుక్కుని బస్సెక్కి వచ్చింది. మళ్లీ రక్తం తీశాం. ఈసారి మామగారు, ఇష్టంలేని మనిషిని మెచ్చుకున్నట్టు, అంతా మామూలేనని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. మర్నాడు ఆపరేషను జరిగింది, దేవుడికి స్తోత్రం. కొన్నాళ్లకు అత్త తన బైబిలు తనే తెరిచింది. పక్కన కూర్చుని వినడం నా వంతయింది.

ఆ రోజు నుంచి ల్యాబులో ఒక పద్ధతి పెట్టారు. మామగారు కేక వేస్తే కాగితం చేతికిచ్చేముందు ఫోను చేసి, మనిషి ఎలా ఉన్నదీ కనుక్కోవాలి. ఆ పని నాకే అప్పగించారు. అంత మంచి పని దొరికినందుకు ఎంత సంతోషించానో. "బాగున్నారాండి?" అని వీలైనంత మెత్తగా అడిగేదాన్ని. ఆ మెత్తదనమే కొంప ముంచింది, నా గొంతు వినబడితే చాలు, ఏదో ముంచుకొచ్చిందని నందిగామ నుంచి పేట దాకా అందరికీ తెలిసిపోయింది. ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. ఇప్పటికీ ఏ చుట్టాలకైనా ఊరికే ఫోను చేసి బాగున్నారా అంటే, అవతల కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు. ఆ తర్వాత ఎంతో నెమ్మదిగా, "ఏం వచ్చిందమ్మా?" అంటారు.